డాక్టరు రాయని సెప్సిస్‌ని మీరు రాయకండి

ప్రశ్న: బి.ఫార్మసీ అయ్యాక అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ (మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష) పాసై, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మెడికల్ కోడర్‌గా (చార్టులో రాసిన జబ్బులకి కోడ్ నంబర్లు ఇచ్చే పని) చేరాను. మొన్నటిదాకా అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ చార్టులు చేసేదాన్ని, ఆడిట్‌లో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈమధ్య ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరినవాళ్ల చార్టుల) టీమ్‌కి మార్చారు. అప్పట్నుంచీ క్వాలిటీ స్కోరు 95 శాతం దాటడం లేదు. రెండు చార్టుల్లో పడ్డ ఎర్రర్లు నాకు అసలు మింగుడు పడలేదు. మొదటిది యూరోసెప్సిస్ అని రాసి ఉన్న ఒక పెద్దావిడ చార్టు. జ్వరం, గుండె దడ, పెరిగిన తెల్లకణాలు, యూరిన్ కల్చర్‌లో ఇ.కోలి, పెరిగిన క్రియాటినిన్ అన్నీ ఉన్నాయి. ఇ.కోలి బ్యాక్టీరియా వల్ల వచ్చిన సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కి శరీరం ప్రాణాపాయంగా స్పందించడం), సివియర్ సెప్సిస్ (దానివల్ల అవయవాలు దెబ్బతినడం) కోడ్లు ఇస్తే రెండూ కొట్టేశారు. రెండోది డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బాబుది. రెండు రోజులు యాంటీబయాటిక్స్ పెట్టారు కదా అని నవజాత శిశువు సెప్సిస్ కోడ్ ఇచ్చాను, అదీ పోయింది. గుండె లోపానికి ఇచ్చిన కోడ్‌ని కూడా ‘డౌన్ సిండ్రోమ్‌లో భాగమే’ అంటూ తీసేశారు. నేను చదివిన మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ ఇక్కడ దేనికీ పనికిరావా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ నాలుగు ఎర్రర్లలో మూడింటికి ఆడిటర్ చెప్పిందే కరెక్టు. నాలుగోదాంట్లో ఆయన పొరబడ్డారు, దానికి మీరు రిబటల్ (ఆడిట్ మీద అభ్యంతరం) పెట్టాల్సిందే. అది చివర్లో చూద్దాం. ముందు ఆ మూడూ ఎందుకు పోయాయో చెబుతాను, ఎందుకంటే మూడింటికీ మూలం ఒకటే. చార్టులో ఉన్న ఆధారాలన్నీ పోగేసి జబ్బేమిటో మీరు తేల్చేశారు. తేల్చే పని డాక్టరుది. ఆయన తేల్చిందాన్ని కోడ్‌లోకి మార్చడం మీ పని. ఆయన తేల్చకుండా వదిలేస్తే అడగడం కూడా మీ పనే. మీ ఫార్మసీ చదువు అక్కరకొచ్చేది సరిగ్గా ఈ అడగడం దగ్గరే.

పెద్దావిడ చార్టు తీసుకుందాం. పేర్లు, తేదీలు మార్చి రాశానన్నారు, మంచి పని చేశారు. నేను అంకెలు కూడా కాస్త మార్చాను. డెబ్బై దాటిన ఆవిడ, రెండు రోజులుగా వాంతులు, చలిజ్వరం. అడ్మిషన్ రోజున ఉష్ణోగ్రత 102.4, పల్స్ 118, తెల్లకణాలు 19,000, లాక్టేట్ 2.8. హెచ్ అండ్ పీలో (చేరినప్పటి పరీక్ష నోట్) ‘యూరోసెప్సిస్’. మూడో రోజు ప్రోగ్రెస్ నోట్‌లో ‘ఇ.కోలి యూటీఐ (మూత్ర ఇన్ఫెక్షన్), సెఫ్ట్రియాక్సోన్‌కి బాగా స్పందిస్తోంది’. బ్లడ్ కల్చర్లు రెండూ నెగటివ్. డిశ్చార్జ్ సమ్మరీలో మళ్లీ ‘యూరోసెప్సిస్’. మీరు ప్రిన్సిపల్‌గా (చేరడానికి ప్రధాన కారణంగా) ఎ41.51 (ఇ.కోలి సెప్సిస్), వెనక ఆర్65.20 (సివియర్ సెప్సిస్), ఎన్17.9 (ఏకేఐ, అంటే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం), ఎన్39.0 (మూత్ర ఇన్ఫెక్షన్) ఇచ్చారు.

అమెరికా వాళ్లు వాడే ఐసీడీ-10-సీఎం (జబ్బుల కోడ్ల పుస్తకం) గైడ్‌లైన్లు యూరోసెప్సిస్ గురించి తేల్చి చెప్పేశాయి. ఇది స్పష్టత లేని పదం, సెప్సిస్‌కి పర్యాయపదంగా తీసుకోకూడదు, దీనికి డిఫాల్ట్ కోడ్ లేదు, ప్రొవైడర్‌ని, అంటే వైద్యం చేసిన డాక్టరుని, అడిగి తీరాలి. ఇండెక్స్‌లో వెతికినా ఆ మాట దగ్గర ‘కోడ్ టు కండిషన్’ (అసలు జబ్బుకే కోడ్ వేయండి) అనే ఉంటుంది తప్ప నంబర్ ఉండదు. ఎందుకంటే ఒక డాక్టరు యూరోసెప్సిస్ అని మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కి రాస్తాడు, ఇంకో డాక్టరు మూత్రం నుంచి మొదలై ఒళ్లంతా పాకిన సెప్సిస్‌కి రాస్తాడు. మీ చార్టులో ఆయన ఉద్దేశం ఏదో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఇన్ని లక్షణాలున్నాయి కాబట్టి సెప్సిసే అని మీకు అనిపించింది. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ కోడ్‌కి ఆధారం ప్రొవైడర్ ఇచ్చిన డయాగ్నోసిస్ మాత్రమే అని గైడ్‌లైన్ అంటోంది.

దీని వెనక డబ్బుల లెక్క కూడా ఉంది, తెలుసుకుంటే మంచిది. మెడికేర్‌లో (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) సెప్సిస్ ప్రిన్సిపల్ అయితే చార్టు సాధారణంగా 871 లేదా 872 డీఆర్‌జీలో (చెల్లింపు నిర్ణయించే గ్రూపు) పడుతుంది. మూత్ర ఇన్ఫెక్షన్ అయితే 689 లేదా 690. రెంటికీ వచ్చే చెల్లింపులో తేడా బాగానే ఉంటుంది. అందుకే ఇన్సూరెన్స్ కంపెనీలు సెప్సిస్ చార్టులని భూతద్దం పెట్టి చూస్తాయి. ఏదైనా ఒక్క పదం మీద నిలబడిన సెప్సిస్ కనిపిస్తే చాలు, డినయల్ (చెల్లింపు తిరస్కరణ) పంపిస్తాయి. మీ ఆడిటర్ కొట్టేసింది మిమ్మల్ని ఏడిపించడానికి కాదు.

అలాగని సెప్సిస్ తీసేసి ఎన్39.0, దాని వెనక ఇ.కోలికి బి96.20 వేసి చార్టు మూసేయడం కూడా సరైన పని అని నేననను. ఆవిడకి నిజంగానే సెప్సిస్ ఉండి ఉంటే రికార్డు తప్పయిపోతుంది. ఇక్కడ ఫైనల్ కొట్టకముందే డాక్టరుకి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) వెళ్లాలి. క్వెరీలు ఇంగ్లిష్‌లోనే రాస్తారు, నేను సారాంశం తెలుగులో చెబుతాను: ‘మీ హెచ్ అండ్ పీలోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ యూరోసెప్సిస్ అని ఉంది. అడ్మిషన్ రోజున ఉష్ణోగ్రత 102.4, పల్స్ 118, తెల్లకణాలు 19,000, లాక్టేట్ 2.8. యూరిన్ కల్చర్‌లో ఇ.కోలి, బ్లడ్ కల్చర్లు నెగటివ్. ఐవీ సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారు. మీ వైద్యపరమైన అభిప్రాయంలో ఈ పదంతో సూచించిన పరిస్థితి ఏది? (1) ఇ.కోలి మూత్ర ఇన్ఫెక్షన్ మాత్రమే, సెప్సిస్ లేదు; (2) ఇ.కోలి మూత్ర ఇన్ఫెక్షన్ వల్ల సెప్సిస్; (3) మరొకటి, దయచేసి రాయండి; (4) నిర్ధారించలేను.’

ఇందులో బ్లడ్ కల్చర్ నెగటివ్ అన్న మాట కూడా ఉంది, గమనించారా? మీకు అనుకూలమైన అంకెలే ఏరి పెడితే అది డాక్టరు నోట్లో మాట పెట్టడమవుతుంది. అహిమా, ఏసీడీఐఎస్ అనే అమెరికా వృత్తి సంఘాలు కలిసి ఇచ్చిన క్వెరీ మార్గదర్శకాల సారం కూడా ఇదే. ఒకే జవాబు వైపు నెట్టకూడదు, ‘మరొకటి’, ‘నిర్ధారించలేను’ లాంటి దారులు తెరిచి ఉంచాలి, డీఆర్‌జీ గురించి గానీ డబ్బు గురించి గానీ ఒక్క ముక్క ఉండకూడదు. ఇక కల్చర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన సెప్సిస్ లేనట్టు కాదు, అది కూడా గైడ్‌లైన్‌లోనే ఉంది. డాక్టరు సెప్సిస్ అని రాస్తే నెగటివ్ కల్చర్ దానికి అడ్డు కాదు.

ఇప్పుడు ఆర్65.20 సంగతి. క్వెరీకి ‘సెప్సిస్’ అనే జవాబు వచ్చిందే అనుకోండి, అప్పుడు కూడా ఈ కోడ్ రాదు. మీ చార్టులో కిడ్నీ దెబ్బతినడం గురించి డాక్టరు ఏం రాశారో మీరే కాపీ చేసి పంపారు: ‘ఏకేఐ, ప్రీరీనల్, వాంతుల వల్ల వచ్చిన డీహైడ్రేషన్ కారణం’. కారణం ఆయనే చెప్పేశారు, అది సెప్సిస్ కాదు. అవయవం దెబ్బతినడానికి సెప్సిస్ కాకుండా వేరే కారణం రాసి ఉంటే సివియర్ సెప్సిస్ కోడ్ వేయకూడదు. ఎన్17.9 ఉంటుంది, డీహైడ్రేషన్‌కి ఇ86.0 ఉంటుంది, అంతే. అసలు కారణమే రాయకుండా ‘సెప్సిస్, ఏకేఐ’ అని పక్కపక్కన పెట్టి వదిలేసి, సంబంధం స్పష్టంగా లేకపోతే, అప్పుడు దానికీ క్వెరీనే. ఇంకోటి, ఆర్65.2 కోడ్లు ఎప్పుడూ ప్రిన్సిపల్ కావు. ఎన్‌కోడర్ సాఫ్ట్‌వేర్ ఆపుతుంది లెండి, కానీ ఎన్‌కోడర్ ఆపేదాకా వెళ్లడం మీ స్థాయికి తగదు.

వరస గురించి ఒక్క మాట. సెప్సిస్, దానికి మూలమైన ఇన్ఫెక్షన్ రెండూ అడ్మిషన్‌కే ఉంటే సెప్సిస్ ముందు, ఇన్ఫెక్షన్ తర్వాత. పేషెంట్ మామూలు న్యుమోనియాతో చేరి నాలుగో రోజు సెప్సిస్‌లోకి వెళితే న్యుమోనియానే ప్రిన్సిపల్, సెప్సిస్‌కి పీఓఏ (చేరేటప్పటికే ఉందా అన్న గుర్తు) ‘ఎన్’, అంటే లేదు. కాబట్టి సెప్సిస్ అన్న మాట మొదటిసారి ఏ రోజు నోట్‌లో కనిపించిందో రాసిపెట్టుకునే అలవాటు చేసుకోండి. అలాగే మొదటి రోజు నోట్‌లో కనిపించి ఆ తర్వాత మళ్లీ ఎక్కడా కనిపించని సెప్సిస్‌ని అనుమానించండి. కాపీ పేస్టు నోట్ల కాలం ఇది.

బాబు చార్టు దగ్గరికి వద్దాం. మీ ఎమర్జెన్సీ అనుభవమే ఇక్కడ మిమ్మల్ని తికమకపెట్టి ఉంటుంది. ఎమర్జెన్సీ అంటే ఔట్‌పేషెంట్ రూల్. ‘ప్రాబబుల్’, ‘సస్పెక్టెడ్’, ‘రూల్ అవుట్’ అని రాస్తే జబ్బు కోడ్ వేయరు, లక్షణాల దగ్గరే ఆగుతారు. ఇన్‌పేషెంట్‌లో ఇది తిరగబడుతుంది. డిశ్చార్జ్ సమయానికి కూడా డాక్టరు ‘ప్రాబబుల్ క్లెబ్సియెల్లా (ఒక బ్యాక్టీరియా) న్యుమోనియా’ అనే అంటుంటే జబ్బు ఉన్నట్టే లెక్క, జె15.0 వేస్తాం. మీరు ఈ రూల్ నేర్చుకున్నారు. ‘రూల్ అవుట్ సెప్సిస్’ అన్న మాట కనిపించగానే దాన్ని వాడేశారు.

కానీ ఆ మాట ఉన్నది అడ్మిషన్ నోట్‌లో. తల్లికి కాన్పులో జ్వరం వచ్చింది, బాబుకి ఏ లక్షణమూ లేదు, ముందుజాగ్రత్తగా ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టారు. 48 గంటల తర్వాత కల్చర్ నెగటివ్ రాగానే ఆపేశారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘సెప్సిస్ రూల్డ్ అవుట్’ అని ఉంది. అనుమానం తొలగిపోయింది, మీరిచ్చిన నవజాత శిశువు సెప్సిస్ కోడ్ పి36.9 కూడా దాంతోపాటే పోవాలి. మందు ఇచ్చారు కాబట్టి జబ్బు ఉందనుకోవడం ఫార్మసిస్ట్ ఆలోచన. అమెరికా నవజాత శిశువుల వార్డుల్లో ఇలా రెండు రోజులు యాంటీబయాటిక్స్ పెట్టి ఆపేసే పిల్లలు చాలామంది ఉంటారు. వీళ్లకి వేయాల్సింది జెడ్05.1. అనుమానించిన ఇన్ఫెక్షన్ కోసం గమనించారు, లేదని తేలింది అని దాని అర్థం. ఒకవేళ బాబుకి ఊపిరి తీసుకోవడంలో ఇబ్బందో, ఉష్ణోగ్రత పడిపోవడమో ఉండి, అందుకే పరీక్షలు చేసి ఉంటే జెడ్05 కుదరదు, ఆ లక్షణానికే కోడ్ వేయాలి. పుట్టిన ఆసుపత్రి చార్టు కాబట్టి జెడ్38 (ఇక్కడే పుట్టాడన్న కోడ్) ప్రిన్సిపల్‌గా ఇచ్చారు, అది సరిగ్గానే ఉంది. ఇదే బాబుని ఆపరేషన్‌కి పిల్లల ఆసుపత్రికి పంపితే అక్కడి చార్టులో జెడ్38 మళ్లీ రాదు.

సెప్సిస్ నిజంగానే ఉన్న పసిపిల్లల చార్టులూ మీకు రేపో మాపో వస్తాయి. పుట్టాక 28వ రోజు దాకా పెరినేటల్ కాలం. ఈ లోపు ‘సెప్సిస్’ అని మాత్రమే రాసి, పుట్టుకతో వచ్చిందా బయట అంటిందా చెప్పకపోతే పుట్టుకతో వచ్చిందనే లెక్కగట్టి పి36 లోకి వెళ్లాలి. పి36.4లో ఇ.కోలి పేరు ఇమిడే ఉంది, దాని వెనక మళ్లీ బి96.20 వేయకండి. క్లెబ్సియెల్లా అయితే ప్రత్యేక కోడ్ లేదు, పి36.8 వేసి బి96.1 జోడించాలి. పెద్దవాళ్లలో ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ మందుకి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) విషయంలోనూ ఇదే తర్కం. సెప్సిస్‌కి ఎ41.02, న్యుమోనియాకి జె15.212 వేశాక క్రిమి పేరూ, మందుకి లొంగని గుణమూ రెండూ అందులోనే వచ్చేశాయి, బి95.62 గానీ జెడ్16.11 గానీ తగిలించక్కర్లేదు.

డౌన్ సిండ్రోమ్‌కి మీరు వేసిన క్యూ90.9ని (రకం చెప్పని డౌన్ సిండ్రోమ్) ఆడిటర్ ముట్టుకోలేదు. కానీ ‘క్యారియోటైప్ (క్రోమోజోమ్ పరీక్ష) రిపోర్టు ఉండగా క్యూ90.0 ఎందుకు వేయకూడదు’ అని ఉత్తరం చివర్లో అడిగారు. రిపోర్టులో ‘47, ఎక్స్‌వై, +21’ అని ఉంది, పక్కన 46 ఉన్న రెండో వరస లేదు, అంటే మొజాయిక్ (కొన్ని కణాల్లోనే లోపం ఉండే రకం) కాదని మీరు చదివేశారు. చదవడం బాగానే చదివారు! అయితే ఇదీ యూరిన్ కల్చర్ లాంటిదే. ఇన్‌పేషెంట్‌లో ల్యాబ్ కాగితం చూసి మనం డయాగ్నోసిస్ వేయం. నియోనటాలజిస్టో జెనెటిక్స్ డాక్టరో తమ నోట్‌లో ‘ట్రైసోమీ 21 (డౌన్ సిండ్రోమ్), నాన్‌మొజాయిక్’ అని రాస్తే క్యూ90.0 వేసుకోండి. ఉత్త ‘ట్రైసోమీ 21’ అన్నా ఇండెక్స్ మిమ్మల్ని క్యూ90.9కే తీసుకెళుతుంది. పెద్దావిడ చార్టులో మాత్రం బి96.20 దక్కుతుంది, ఎందుకంటే ‘ఇ.కోలి యూటీఐ’ అని డాక్టరే స్వయంగా రాశారు.

పుట్టుకతో వచ్చినవన్నీ క్యూ చాప్టర్లో ఉంటాయనుకోవద్దు. కొత్తగా వచ్చిన కోడర్లు ఇక్కడ బాగా జారతారు. అవయవాల నిర్మాణ లోపాలు, క్రోమోజోమ్ లోపాలు ప్రధానంగా క్యూలో ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్లు వేరేచోట. పుట్టుకతో వచ్చే సిఫిలిస్ ఎ50, రుబెల్లా సిండ్రోమ్ పి35.0, క్షయ పి37.0. సిఫిలిస్ చార్టులు ఇప్పుడు మీకు తగిలే అవకాశం ఎక్కువ. అమెరికాలో 2022లో 3,700కి పైగా పిల్లలు ఆ ఇన్ఫెక్షన్‌తో పుట్టారని వాళ్ల ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పింది, 2012తో పోలిస్తే పది రెట్లకు పైనే. డైజార్జ్ సిండ్రోమ్ మరీ విచిత్రం, అది రోగనిరోధక లోపాల కింద డి82.1లో కూర్చుంది. అదే 22వ క్రోమోజోమ్ లోపానికి సంబంధించిన వీలో-కార్డియో-ఫేషియల్ సిండ్రోమ్ మాత్రం క్యూ93.81. అందుకే సిండ్రోమ్ పేరు కనిపిస్తే జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఇండెక్స్ తెరవండి. ఇండెక్స్‌లో ఆ పేరే లేకపోతే డాక్టరు రాసిన లక్షణాలకి విడివిడిగా కోడ్లు వేయాలి.

ఇక రిబటల్. బాబుకి కంప్లీట్ ఏవీ కెనాల్ డిఫెక్ట్ (గుండె గదుల మధ్య గోడలో పెద్ద లోపం) అని కార్డియాలజిస్ట్ కన్సల్ట్ నోట్‌లోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఉందన్నారు. మీరు క్యూ21.23 వేశారు. ఆడిటర్ ‘సిండ్రోమ్‌లో అంతర్భాగం’ అన్నారు. క్యూ చాప్టర్ గైడ్‌లైన్ ప్రకారం ఒక లోపానికి సొంత కోడ్ ఉంటే అందులో అంతర్భాగమైన లక్షణాలకి మళ్లీ కోడ్ వేయం, నిజమే. ముఖం తీరు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత, ఇవి ఆ కోవలోకి వస్తాయి. అయితే ఆ గైడ్‌లైన్‌లో తర్వాతి వాక్యం, అంతర్భాగం కానివాటికి అదనపు కోడ్లు వేయాలని చెబుతుంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. అంటే మిగతా సగం మందికి ఉండదు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నదాన్ని అంతర్భాగం ఎలా అంటాం? పైగా ట్యాబ్యులర్‌లో (కోడ్ల జాబితాలో) క్యూ90 కిందే ‘సంబంధిత శారీరక సమస్యలకు అదనపు కోడ్ వాడండి’ అన్న సూచన ఉంది. మీ ఆడిటర్‌కి ఆ పేజీ స్క్రీన్‌షాట్ పెడితే చాలు, గొడవ అక్కర్లేదు. కోడ్‌బుక్ పేజీ మాత్రమే సుమా, పేషెంటు చార్టు తెర ఫోటో కాదు. వాట్సాప్ గ్రూపుల్లో చార్టులు తిప్పుతున్నారన్న మాట నా చెవిన కూడా పడింది. రోగుల వివరాలు కాపాడే హిపా చట్టం దృష్టిలో అది చాలా పెద్ద తప్పు, ఉద్యోగం పోవడం అందులో చిన్న శిక్ష.

పంపేముందు ఒకటి సరిచూసుకోండి. 2022 అక్టోబర్ 1 నుంచి క్యూ21.2ని నాలుగుగా విడగొట్టారు: వివరం లేనిది, పార్షియల్, ట్రాన్సిషనల్, కంప్లీట్. కోచింగ్ సెంటర్ల పాత నోట్సుల్లో ఇప్పటికీ క్యూ21.2 అనే తిరుగుతోంది, అది ఇప్పుడు చెల్లదు. అదృష్టవశాత్తూ మీరు సరైన అంకెలే వేశారు. అలాగే క్యూ కోడ్లకి పీఓఏ మినహాయింపు ఉంది. ‘వై’ అని పెట్టి ఉంటే అది కూడా ఇప్పుడే సరిచేసి పంపండి, రిబటల్‌లో కొత్త తప్పు దొరికితే మీ మాటకి బలం తగ్గుతుంది. యూరోసెప్సిస్ ఊసు మాత్రం ఆ మెయిల్‌లో ఎత్తకండి. దాని గురించి టీమ్ లీడ్‌తో విడిగా మాట్లాడి, ఇలాంటి చార్టుల్ని ఫైనల్ చేయకుండా హోల్డ్‌లో పెట్టి క్వెరీ పంపే వీలు మీ క్లయింట్ ఒప్పందంలో కోడర్లకి ఉందో, లేక సీడీఐ (డాక్టర్ల రాతలు సరిచూసే) టీమ్ ద్వారానే పోవాలో కనుక్కోండి.